కోలా యాడ్లలో హీరోలు: గుక్క తాగిందెవరు, సీసా పట్టుకుని నిలబడ్డదెవరు?

కూల్‌డ్రింక్ యాడ్ బాగుందో లేదో తేల్చడానికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. హీరో గుక్క తాగాడా? తాగితే ఎప్పుడు, ఎందుకు తాగాడు? ఈ రెండూ చూస్తే చాలు. కథలో దాహం ముందే పుట్టి గుక్కతో తీరితే ఆ యాడ్ డ్రింకును అమ్ముతుంది. తీరకపోతే కంపెనీ డబ్బుతో హీరోకి ప్రచారం జరిగినట్టే.

ఈ కొలతకు నిండుగా సరిపోయేది 1979 నాటి కోకాకోలా యాడ్. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో జో గ్రీన్ ఉండేవాడు. జనం అతన్ని 'మీన్ జో', అంటే మొరటు జో అని పిలిచేవారు. ఆట మధ్యలో దెబ్బ తగిలి, స్టేడియం సొరంగంలో కుంటుకుంటూ పోతుంటాడు. ఓ పిల్లాడు చేతిలోని కోక్ ఇవ్వబోతే వద్దంటాడు. మళ్లీ బతిమాలితే తీసుకుని, సీసా మొత్తం ఎత్తిన చెయ్యి దించకుండా తాగేస్తాడు. పిల్లాడు ఉసూరుమంటూ వెనుదిరుగుతాడు. అప్పుడు పిలిచి తన జెర్సీ విసిరేస్తాడు. నిమిషంలో అయిపోయే ఈ కథకు గుక్కే మలుపు: దానికి ముందు ఒక మనిషి, తర్వాత ఇంకో మనిషి. డ్రింకు తీసేస్తే కథే లేదు. దీన్ని బ్రెజిల్‌లో జికోతో, అర్జెంటీనాలో మారడోనాతో, అంటే అక్కడి ఫుట్‌బాల్ హీరోలతో మళ్లీ తీశారు, రెండుచోట్లా నిలబడింది. స్టోరీబోర్డు గట్టిదైతే ఊరికో హీరోను పెట్టుకోవచ్చని అప్పుడే తేలిపోయింది.

తెర వెనక బాధ మాత్రం వేరు. గ్రీన్ తాగింది 16 ఔన్సుల సీసాలు, అంటే అర లీటరుకు కాస్త తక్కువ. టేకు మీద టేకు పడి 18 సీసాలు ఖాళీ అయ్యాయంటారు. గ్యాస్ పైకి తన్ని, డైలాగు మొదలుపెట్టగానే త్రేన్పు వచ్చేదట. చాలా యాడ్లలో సీసా పెదవికి తగలగానే కట్ చేసి, గొంతు కదలడం మీదికో, సీసా మీది నీటి చుక్కల మీదికో వెళ్లిపోతారు. నిజంగా తాగించడం అంత తేలిక కాదు మరి.

దీనికి సరిగ్గా ఎదురు మైకేల్ జాక్సన్ పెప్సీ యాడ్. అప్పట్లో 50 లక్షల డాలర్ల ఒప్పందం. 1984 జనవరి 27న లాస్ ఏంజెలెస్‌లోని ష్రైన్ ఆడిటోరియంలో షూటింగ్. ఆరో టేకులో అతను మెట్లు దిగుతుండగా బాణసంచా ముందే పేలి జుట్టుకు నిప్పంటుకుంది, నెత్తి మీద తీవ్రంగా కాలింది. రావలసిన చోటికి మనిషి వచ్చాక పేలాల్సింది కొన్ని క్షణాలు తొందరపడింది, అంతే తేడా. పరిహారంగా వచ్చిన 15 లక్షల డాలర్లను అతను తనకు వైద్యం చేసిన బ్రోట్‌మన్ ఆసుపత్రికి ఇచ్చేశాడు. యాడ్ ఫిబ్రవరి ఆఖర్లో గ్రామీ వేడుకల రోజు టీవీలో వచ్చింది. పాటకు పాట, ఆటకు ఆట, కళ్లు తిప్పుకోలేం. కానీ జాక్సన్ ఎక్కడా ఓ చుక్క తాగడు. పెప్సీకి పేరు వచ్చింది, నిజమే. అయినా ఆ యాడ్‌లో పెప్సీ తీసి చెప్పుల జత పెట్టినా నడుస్తుంది. ఐదుకి మూడు మార్కులు, ఆ మూడూ డాన్సుకే.

పాప్ గాయని మడోనాది ఇంకో రకం బోల్తా. 1989 మార్చి 2న రెండు నిమిషాల పెప్సీ యాడ్ దాదాపు 40 దేశాల్లో ఒకేసారి వచ్చింది. అందులో ఆమె తన ఎనిమిదేళ్ల పుట్టినరోజు వీడియో చూస్తుంటుంది. ముచ్చటైన కథ, ఎవరికీ నొప్పి లేదు. మర్నాడు ఆ యాడ్‌లో వాడిన 'లైక్ ఎ ప్రేయర్' పాటకే ఆమె సొంత వీడియో వచ్చింది. అందులో మండుతున్న శిలువలు, చర్చిలో ముద్దు చూసి క్యాథలిక్ సంఘాలు భగ్గుమన్నాయి, పెప్సీని బహిష్కరించమన్నాయి. కంపెనీ యాడ్ ఆపేసింది. 50 లక్షల డాలర్లు ఆమె దగ్గరే ఉండిపోయాయి. తప్పు యాడ్‌లో లేదు, పాట మీద కంపెనీకి పట్టు లేకపోవడంలో ఉంది. అదే పాటతో ఇంకేం రాబోతోందో ముందే చూసుకోకుండా సంతకం పెట్టారు.

అదే కంపెనీ 1992లో మోడల్ సిండీ క్రాఫర్డ్‌తో తీసింది చూస్తే, వీళ్లకు పని రాదని అనలేం. ఎండలో కారు దిగి, మెషిన్‌లో చిల్లర వేసి, టిన్ను తీసి నిజంగానే తాగుతుంది. కంచె అవతల ఇద్దరు పిల్లలు నోరు తెరుచుకుని చూస్తుంటారు. మనం అనుకునేది ఒకటి, వాళ్లు మెచ్చుకునేది ఇంకొకటి: కొత్త పెప్సీ టిన్ను. కొత్త డిజైన్ ప్రకటించడమే ఆ యాడ్ పని. నవ్వు, గుక్క, చెప్పాల్సిన కబురు మూడూ ఒకేచోట ముడిపడ్డాయి. జాక్సన్ మంటల కన్నా ఈ చిల్లర చప్పుడే నయం.

2017 ఏప్రిల్‌లో మోడల్ కెండల్ జెన్నర్ పెప్సీ యాడ్ ఒక్క రోజులోనే వెనక్కి పోయింది. నిరసన ఊరేగింపులోకి నడిచి వెళ్లి ఓ పోలీసు చేతికి పెప్సీ టిన్ను ఇస్తుంది, అతను తాగుతాడు, జనం కేరింతలు కొడతారు. గుక్క ఉంది, దాహం లేదు. నిజమైన గొడవను ఓ కూల్‌డ్రింకుతో తీర్చినట్టు చూపిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. బయటి ఏజెన్సీ లేకుండా కంపెనీ సొంత స్టూడియోలో తయారైన యాడ్ ఇది. వద్దని చెప్పే మనిషి గదిలో లేకపోతే ఇలాగే అవుతుంది.

మన దేశానికి వస్తే, 1996 ప్రపంచ కప్పుకు కోకాకోలా అధికారిక స్పాన్సర్. పెప్సీ సచిన్, అజారుద్దీన్ లాంటి ఆటగాళ్లను పెట్టి 'ఇందులో అధికారికమేమీ లేదు' అని వెక్కిరించి, డబ్బు కట్టినవాడి కన్నా ఎక్కువ గుర్తుండిపోయింది. కోక్ దెబ్బ తీర్చుకున్నది ఆమిర్ ఖాన్‌తోనే. 'ఠండా మత్లబ్ కోకాకోలా' (చల్లనిదంటే కోకాకోలా) వరుసలో అతను ముంబయి టపోరీ, పంజాబీ రైతు, హైదరాబాదీ దుకాణదారు. హీరో తన మొహాన్ని దాచుకుని పాత్రలో దూరిన అరుదైన సందర్భం. రైతు నూతిలోంచి చేదతో సీసాలు పైకి లాగే షాట్ ఒక్కటి చాలు, చల్లదనం నోటికి తగిలినట్టే ఉంటుంది. దానికి తోడు 2003లో 200 మి.లీ. సీసా ఐదు రూపాయలు. ధర లేకుండా ఆ మాట అంత దూరం పోయేది కాదు. తెలుగులో మాత్రం ఆ చమత్కారం సగమే అందుతుంది. హిందీలో ఇంటికొచ్చినవాళ్లను 'ఠండా తీసుకుంటారా' అని అడుగుతారు, మనం 'కూల్‌డ్రింక్ తాగుతారా' అంటాం. 'చల్లన' అంటే మనకు మజ్జిగ కూడా కావచ్చు.

తెలుగునాట అసలు పోటీ థమ్సప్ చుట్టూనే. 1977లో కోక్ దేశం విడిచిపోయాక పార్లే పుట్టించింది, 1993లో తిరిగొచ్చిన కోకాకోలాయే కొనేసింది. గ్యాస్ ఘాటు, ఓ రకం మసాలా కారం, తీపి కాస్త వెనక్కి: బిర్యానీ పక్కన నిలబడగలిగింది అందుకే. 2000ల మొదట్లో దీనికి చిరంజీవి, పెప్సీకి 2001లో పవన్ కల్యాణ్. అన్నయ్యది ఒక సీసా, తమ్ముడిది ఇంకోటి, కిరాణా కొట్టు గోడ మీద ఇద్దరి పోస్టర్లూ పక్కపక్కనే. తర్వాత హిందీలో సల్మాన్, తెలుగులో మహేష్ బాబు. సీసా కోసం భవనాల మీంచి దూకడం, బైకు గాల్లోకి లేపడం, చివర్లో పెద్ద గుక్క. వాదించడానికి ఏమీ లేని వరుస అది: ఘాటైన డ్రింకు, ఘాటైన వేట. జికో, మారడోనా ఉపాయమే ఇది. డబ్బింగ్ చెప్పించిన యాడ్‌లో పెదాలు ఒకటి, మాట ఒకటి అయ్యి చూసేవాడికి పరాయిగా ఉంటుంది, సొంత హీరోతో తీస్తే ఆ తంటా లేదు.

మరి అదే మహేష్ తర్వాత మౌంటెన్ డ్యూ పట్టుకుంటే? ఈ కొలత కాస్త కరుకుగా మారేది ఇక్కడే. 2022లో థమ్సప్ విజయ్ దేవరకొండ చేతికి వెళ్లింది, 2025లో రిలయన్స్ వాళ్ల కోలా కాంపా రామ్ చరణ్‌ను తెచ్చుకుంది. బైకు అదే, దూకుడు అదే, సీసా రంగే వేరు. మొహం మీద వేలు అడ్డం పెట్టి చూడండి, ఏ డ్రింకో చెప్పగలిగితే యాడ్ పాసైనట్టు. థమ్సప్ ఇప్పటికీ చాలాసార్లు పాసవుతుంది. కాంపా యాడ్ కన్నా పది రూపాయలకు 200 మి.లీ. అన్న ధరే ముందు గుర్తొస్తుంది.

తెర మీది గుక్క మూడు సెకన్లు. లేబుల్ వెనక్కి తిప్పితే మామూలు కోలాలో 100 మి.లీ.కి 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 250 మి.లీ. సీసాలో దాదాపు 26 గ్రాములు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషి ఇలాంటి చక్కెరను 25 గ్రాముల్లోపు ఉంచుకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే యాడ్‌లో నటించినవాళ్లకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు, ఏడాది దాకా యాడ్లు చేయకుండా నిషేధించనూ వచ్చు. కోలా యాడ్ దీనికి దొరకడం కష్టం. థమ్సప్ యాడ్లలోలా 'తుఫాన్' అని అరిస్తే అది వాగ్దానం కాదు కదా! 'ఆరోగ్యం', 'శక్తి' అన్నప్పుడే చిక్కు.

2021 జూన్‌లో బుడాపెస్ట్‌లో విలేఖరుల సమావేశంలో ఫుట్‌బాల్ ఆటగాడు రొనాల్డో రెండు కోక్ సీసాలను పక్కకు జరిపి నీళ్ల సీసా ఎత్తి చూపాడు, కంపెనీకి 400 కోట్ల డాలర్లు పోయాయని వార్తలు హోరెత్తాయి. అదే రోజు ఆ షేరుకు డివిడెండ్ హక్కు తెగే తేదీ కూడా (ఆ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండ్ రాదు, అందుకే ధర మామూలుగానే కాస్త తగ్గుతుంది), కాబట్టి ఆ లెక్కంతా అతని ఖాతాలో వేయడం అతి. జైపూర్‌లో ఓ పాప 'మా టీచరు విషమన్నదాన్ని మీరెందుకు అమ్ముతారు' అని అడిగితే పెప్సీ మానేశానని అమితాబ్ 2014లో చెప్పాడు. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచి వచ్చాక, తాను తాగనిదాన్ని తాగమని చెప్పలేనంటూ కోలా ఒప్పందం కాదన్నాడు. అప్పటికి అతని చేతిలో హీరోలకొచ్చే డబ్బు లేదు.