డౌన్ సిండ్రోమ్ పిల్లల చెవిలో నీరు: గ్రోమెట్టా, చెవి మిషనా, ఆగి చూడటమా?

మా పాప రెండున్నరేళ్ళు దాటాక గానీ చెయ్యి వదిలి నడవలేదు. నడక వచ్చాక కూడా గడప దగ్గర ఆగిపోయేది, వెనక్కి తిరిగితే తూలేది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు సగటున రెండేళ్ళకు నడుస్తారని, కొందరికి ఇంకా ఆలస్యం అవుతుందని తెలుసు కాబట్టి ఓపిక పట్టాం. తర్వాత చెవి పరీక్షలో రెండు వైపులా కర్ణభేరి వెనక నీరు చేరిందని తేలింది. ఇక ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ట్యూబులు (గ్రోమెట్లు) వేయిస్తే వినిపిస్తుంది, నడకా సర్దుకుంటుంది." నిజానికి ఇవి రెండు వేరు వేరు సంగతులు.

నీరు చేరేది మధ్య చెవిలో. నడకకు ఆసరా ఇచ్చేది దాని వెనకున్న లోపలి చెవి. అక్కడ మూడు అర్ధవలయ నాళాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. తల ఎటు తిరిగిందో, ఎటు వంగిందో మెదడుకు చెప్పేవి అవే. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చాలామందికి ఆ నాళాల ఆకారంలోనే, ముఖ్యంగా అడ్డంగా ఉండే నాళంలో, తేడా ఉంటుంది. దానికి తోడు మెత్తని కండరాలు, వదులు కీళ్ళు, కాస్త చిన్నదైన చిన్నమెదడు. నీరు తీసేస్తే ఇవేవీ మారవు. అయితే చెవిలో నీరు నిలిస్తే మామూలు పిల్లలు కూడా తూలడం, ట్యూబు వేశాక అది తగ్గడం డాక్టర్లు గమనించిన విషయమే. కాబట్టి గ్రోమెట్ వల్ల నడక కొంత మెరుగుపడవచ్చు. ఆ ఒక్క ఆశతో మాత్రం పిల్లని ఆపరేషన్ బల్ల ఎక్కించకూడదని నా గట్టి అభిప్రాయం.

గ్రోమెట్‌తో లాభం వెంటనే తెలుస్తుంది. కర్ణభేరికి చిన్న గాటు పెట్టి, నీరు లాగేసి, పూసంత గొట్టం పెడతారు. చెవికి ఏదీ తగిలించుకోనక్కర్లేదు. కానీ మన పిల్లల చెవి రంధ్రం ఇరుకు, గొట్టం పెట్టడమే కష్టం. మామూలుగా 6 నుంచి 12 నెలల్లో అది ఊడిపోతుంది. వీళ్ళకి నీరు మళ్ళీ చేరడం, మళ్ళీ ఆపరేషన్ ఎక్కువ. చీము కారవచ్చు, కర్ణభేరికి చిల్లు మిగలవచ్చు. పైగా మత్తు ఇవ్వాలి. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది, శ్వాసమార్గం ఇరుకు, కొందరికి మెడ ఎముకల కీలు వదులు. చెవి కనిపించడానికి తలను పక్కకు తిప్పుతారు కదా, అప్పుడు మెడ ఎక్కువ తిరగకుండా చూడాలి. ఈ సంగతి సర్జన్‌తో, మత్తు డాక్టరుతో ముందే మాట్లాడండి.

చెవి మిషన్‌కి మత్తు లేదు, కోత లేదు. నీరు ఉన్నా లేకపోయినా శబ్దం లోపలికి చేరుతుంది. కష్టమల్లా పెట్టుకోవడంలోనే. చెవులు చిన్నవి, మెత్తవి కావడంతో జారిపోతుంది, ఈల వేస్తుంది, పిల్లలు పీకేస్తారు. ఎముక ద్వారా శబ్దం పంపే మిషన్‌ని మెత్తటి హెడ్‌బ్యాండ్‌కి పెట్టి కడితే ఈ బాధ చాలా తగ్గుతుంది. చెవి కారుతున్నా వాడొచ్చు. బ్రిటన్‌లో వైద్య సూచనలు ఇచ్చే నైస్ సంస్థ 2008లో ఇచ్చిన సూచనల్లో, నీటివల్ల వినికిడి తగ్గిన డౌన్ సిండ్రోమ్ పిల్లలకు మామూలుగా ఇవ్వాల్సింది చెవి మిషనే అని, గ్రోమెట్ దానికి ప్రత్యామ్నాయమని ఉండేది (2023లో వాటి స్థానంలో కొత్త సూచనలు వచ్చాయి). మేమూ హెడ్‌బ్యాండే ఎంచుకున్నాం. మొదటి పది రోజులు ఏడుపే. తర్వాత పొద్దున లేవగానే తనే తెచ్చి ఇచ్చేది.

ఆగి చూడటం మామూలు పిల్లలకు మంచి పద్ధతి. మూడు నెలల్లో చాలామందికి నీరు తనంతట తనే పోతుంది. మన పిల్లలకు ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, అవే మాటలు నేర్చుకునే ఏళ్ళు. వినికిడి పరీక్ష చేయించకుండా ఆగడం అసలు వద్దు.

మరి గ్రోమెట్ ఎప్పుడు? మాటిమాటికీ చెవి పోటు, జ్వరం వస్తుంటే, కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంటే, ఎంత ప్రయత్నించినా మిషన్ పెట్టనివ్వకపోతే, లేదా ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) కోసం ఎలాగూ మత్తు ఇస్తుంటే. అప్పుడు వెనకాడక్కర్లేదు.

నడక సంగతికి వస్తే, దానికి సాధనే దారి. అమెరికాలో డేల్ ఉల్రిచ్ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో తల్లిదండ్రులు ఇంట్లోనే డౌన్ సిండ్రోమ్ ఉన్న పసివాళ్ళని చిన్న ట్రెడ్‌మిల్ మీద పట్టుకుని, రోజుకు 8 నిమిషాలు, వారానికి 5 రోజులు అడుగులు వేయించారు. ఆ పిల్లలు మిగతావాళ్ళ కంటే సుమారు 101 రోజులు ముందే నడిచారు. నడక వచ్చేసిన మా పాపకు ఫిజియోథెరపిస్టు చెప్పినవి వేరు: పరుపు మీద, ఇసుకలో వట్టి కాళ్ళతో నడక, మెట్లు, ఉయ్యాల. ట్రాంపొలిన్ మాత్రం ఆరేళ్ళ లోపు వద్దు, మెడ కారణంగానే. బాగా నడిచే పిల్ల ఉన్నట్టుండి ఎక్కువ తూలుతుంటే, మెడ నొప్పి అంటుంటే, చేతులు కాళ్ళు బలహీనపడితే, బట్టల్లో ఒంటికి పోసుకోవడం మళ్ళీ మొదలైతే, అది చెవిలో నీరు అనుకుని ఊరుకోవద్దు. మెడ దగ్గర వెన్నుపాము నలుగుతుండవచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించండి.