టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్: విరిగిన విమానాలకూ, కిట్ దొరకని ఓడలకూ

ప్లాస్టిక్ కిట్లతో విమానాల, ఓడల నమూనాలు కట్టేవారి బల్లమీద ముదురు ఆకుపచ్చ మూత ఉన్న చదరపు గాజు సీసా ఒకటి తరచుగా కనిపిస్తూ ఉంటుంది. జపాన్‌లోని షిజువోకా కేంద్రంగా పనిచేసే టామియా సంస్థ 40 మిల్లీలీటర్ల పరిమాణంలో అమ్మే ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ అది. పేరుకు సిమెంటే గాని చూడడానికి నీళ్లలా ఉంటుంది. మూత లోపలే సన్నని కుంచె బిగించి వస్తుంది. కొత్త కిట్ కట్టేటప్పుడు దీని సౌలభ్యం ఎవరికైనా మొదటి రోజే తెలిసిపోతుంది. అందువల్ల ఆ సంగతి క్లుప్తంగా ముగించి, విరిగిన పాత నమూనాను బాగుచేసేటప్పుడూ, కిట్ అన్నదే దొరకని ఓడను ప్లాస్టిక్ షీటుతో సొంతంగా కట్టేటప్పుడూ ఇది ఎంతవరకు అక్కరకు వస్తుందో పరిశీలిస్తాను.

ఈ ద్రవంలో అంటుకునే బంక పదార్థం ఏదీ లేదు. ఉన్నవి అసిటోన్, బ్యూటైల్ ఎసిటేట్ అనే రెండు ద్రావణులు మాత్రమే. కిట్లలో వాడే పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను అవి పైపైన మెత్తబరుస్తాయి. ఆనించి ఉంచిన రెండు అంచులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ద్రావణులు ఆవిరైపోయాక అక్కడ మిగిలేది ఆ ప్లాస్టిక్కే. కాబట్టి ట్యూబులో వచ్చే చిక్కటి జిగురులాగా ముందు పూసి తరువాత నొక్కే పద్ధతి దీనికి పనికిరాదు. రెండు భాగాలను పొడిగానే సరిగ్గా కూర్చి, వేళ్లతోనో మాస్కింగ్ టేపుతోనో పట్టి ఉంచి, తడి కుంచె మొనను అతుకు గీతకు ఒక్కచోట తాకిస్తే చాలు, ద్రవం దానంతట అదే ఆ సందు వెంట పాకిపోతుంది. భాగాలు చక్కగా కుదిరాయో లేదో చూసుకుని, కుదరకపోతే సర్దుకుని, ఆ తరువాతే అతికించే వీలు ఉండడం ఈ సిమెంటులో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

బాగుచేసే పనిలో ఈ గుణం విలువ రెట్టింపవుతుంది. తెలిసినవారు ఇచ్చిన 1/72 స్కేలు (అసలుకు డెబ్బై రెండో వంతు) స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నమూనా ఒకటి కొంతకాలంగా నా బల్లమీద ఉంది. 1940లో ఇంగ్లండు దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి బ్రిటన్ యుద్ధంలో (బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్) పాల్గొన్న బ్రిటిష్ వైమానిక దళం 152 స్క్వాడ్రన్ గుర్తులు దానిమీద ఉన్నాయి. ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరుంది. దాని అధికార చిహ్నంలో కనిపించేది నిజాం తలపాగా. ఆ స్క్వాడ్రన్ గుర్తైన యు.ఎం. అక్షరాల డెకాల్స్ (నమూనాపై అంటించే పలచని అచ్చు గుర్తులు) చెక్కుచెదరలేదు గాని, కుడి రెక్క మొదట్లో అతుకు విడిపోయింది, ఒక చక్రపు కాలు విరిగింది, కాక్‌పిట్ వెనుక ఉండే ఏరియల్ స్తంభం ఊడి పెట్టె అడుగున పడి ఉంది. ఒకే నమూనాలోని ఈ మూడు దెబ్బల్లో ఈ సిమెంటు ఒకదానికి బ్రహ్మాండంగా పనిచేసింది, ఒకదానికి ఫరవాలేదనిపించింది, మూడోదానికి అసలు పనికిరాలేదు.

బ్రహ్మాండం అన్నది రెక్క మొదలు. విడిపోయిన సందులో పాత జిగురు పెళుసులూ, లోపలికి దిగిన రంగూ ఉన్నాయి. ఈ ద్రవానికి కావలసింది ఏమీ పూయని ప్లాస్టిక్ గనుక, సందులోకి బ్లేడు మొన పోనిచ్చి వాటిని గీకి తీసేసిన తరువాతే కుంచె పట్టుకోవాలి. రంగు ఉండగానే పోస్తే ద్రవం ఆ రంగును కరిగించి బురద చేస్తుందే తప్ప ప్లాస్టిక్ దాకా పోదు. అతుకు నిలిచినట్టే నిలిచి, చెయ్యి తగలగానే మళ్లీ విడిపోతుంది. శుభ్రం చేసిన సందును దగ్గరకు నొక్కి, కిందివైపు నుంచి కుంచె తాకించి, కొన్ని క్షణాలు ఆగి, రెండు వైపులా మెల్లగా ఒత్తితే అతుకు గీత పొడవునా మెత్తబడిన ప్లాస్టిక్ సన్నటి పూసకట్టులా పైకి ఉబికింది. దాన్ని తడిగా ఉన్నప్పుడు తుడవకూడదు. ఒకటి రెండు రోజులు గట్టిపడనిచ్చి, బ్లేడుతో గీకి, సన్నరకం ఉప్పుకాగితంతో నీళ్లు తగిలిస్తూ రుద్దితే పుట్టీ అవసరమే రాలేదు. తొందరపడి అదే రోజు నున్నగా రుద్దేస్తే, మిగిలిన ద్రావణి ఆవిరయ్యేకొద్దీ అతుకు లోపలికి కుంగి, రంగు వేసిన కొన్ని వారాలకు సన్నని గీతగా మళ్లీ పైకి తేలుతుంది.

ఈ పనిలో ప్రమాదమంతా ద్రవానికి ఉన్న ఆ పాకే స్వభావంలోనే ఉంది. అతుకు గీతమీద వేలు ఆనించి పట్టుకుంటే ద్రవం వేలి కిందికీ పాకి, ప్లాస్టిక్ మీద వేలిముద్ర అచ్చుపడిపోతుంది. మాస్కింగ్ టేపు కూడా అతుకుకు అడ్డంగా ఉంటే దాని అంచు వెంబడి ఇదే జరుగుతుంది. టేపును గీతకు కాస్త ఎడంగా వంతెనలాగా ఎత్తి అంటించడం మేలు. పాత నమూనాలో చుట్టూ ఉన్న రంగూ డెకాల్సూ కాపాడుకోవలసినవి కనుక, కుంచెను ముందు సీసా అంచుకు ఒత్తి దాదాపు పొడిగా చేసుకుని, కనిపించని వైపు నుంచే తాకించాలి. పొరపాటున ఒక చుక్క పైన పడితే దాని జోలికి పోకుండా వదిలేయాలి. తుడవబోతే మచ్చ రెండింతలవుతుంది.

చక్రపు కాలు విషయంలో ఫలితం ఫరవాలేదనే చెప్పాలి. సన్నని భాగం విరిగినచోట అతుకుకు దొరికే వైశాల్యం సూదిమొనంత. దాన్ని ద్రావణితో కలిపితే అతుకైతే పడుతుంది గాని, నిలబెట్టిన విమానం బరువుకు అది ఎన్నాళ్లు ఆగుతుందో నమ్మకం లేదు. చేతి డ్రిల్లుతో రెండు ముక్కల్లోనూ సన్నని రంధ్రం వేసి, అర మిల్లీమీటరు ఇత్తడి తీగ దూర్చి, తీగను ఫెవిక్విక్ లాంటి తక్షణ జిగురుతో బిగించి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచులను మాత్రం ఈ సిమెంటుతో కలిపాను. ఇక ఏరియల్ స్తంభానికి దీన్ని వాడడం దండగ. అంత సన్నని ముక్క ద్రవం తగలగానే పూర్తిగా మెత్తబడి వంగిపోతుంది. ఆ స్తంభాన్ని లోహపు తీగతో కొత్తగా చేసుకోవడమే మంచిది.

పనికిరాని చోట్లు ఇంకా ఉన్నాయి. రెజిన్ భాగాలనూ, ఇత్తడి రేకు భాగాలనూ, కొయ్య ఓడలనూ ఇది అంటించదు. కొయ్యకు ఫెవికాలే సరైనది. పారదర్శకమైన కాక్‌పిట్ కప్పును అతికించేటప్పుడు ఒక్క చుక్క ఎక్కువైనా గాజులాంటి ప్లాస్టిక్‌లో సన్నని పగుళ్లు వచ్చి శాశ్వతంగా మిగిలిపోతాయి, కాబట్టి అక్కడ కూడా ఎండాక మరక కనిపించని తెల్లజిగురునే వాడతాను.

నా అభిప్రాయంలో ఈ సీసా తన ఖరీదును పూర్తిగా రాబట్టుకునేది సొంతంగా ఓడ కట్టేటప్పుడే. విశాఖపట్నంలో అప్పటి సింధియా షిప్‌యార్డు నిర్మించగా, 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా జలప్రవేశం చేసిన ‘జల ఉష’ లాంటి ఓడకు కిట్ కోసం దుకాణాల్లో వెతకడం వృథా. కావాలనుకున్నవారు ఫొటోలు ముందు పెట్టుకుని పాలీస్టైరీన్ షీటును కోసి కట్టుకోవలసిందే. ఒక మిల్లీమీటరు షీటుతో అడ్డుపలకలు నిలబెట్టి, వాటిమీద అర మిల్లీమీటరు షీటును తొడిగేటప్పుడు, పలక అంచు వెంబడి కుంచెను ఒక్కసారి లాగితే చాలు, అంత పొడవునా అతుకు పడిపోతుంది. మిగిలిన షీటు తునకలను చిన్న గాజుసీసాలో వేసి ఈ ద్రవం పోసి ఒక రాత్రి ఉంచితే మీగడలాంటి ముద్ద తయారవుతుంది. సందులు పూడ్చడానికి అంతకు మించిన పుట్టీ లేదు, ఎందుకంటే ఎండిన తరువాత అదీ ఓడ గోడా ఒకే గట్టిదనంతో ఉప్పుకాగితానికి లొంగుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వెడల్పాటి షీట్లను ఒకదానిమీద ఒకటి పరచి మధ్యలోకి ద్రవం పోస్తే, బయటికి దారిలేని ఆవిరి లోపలే ఉండిపోయి, కొన్ని వారాలకు షీటు ఉబ్బడమో వంకర తిరగడమో జరుగుతుంది. మూసివేసే ఓడ పొట్టలో కూడా కనిపించని చోట గాలి రంధ్రాలు వదలాలి.

మన వేసవిలో దీని ప్రవర్తన కొంచెం వేరుగా ఉంటుంది. అసిటోన్ 56 డిగ్రీల సెల్సియస్ వద్దే మరిగే ద్రవం; మే నెల మధ్యాహ్నం సీలింగ్ ఫ్యాను కింద కూర్చుంటే కుంచె అతుకును చేరేలోపే సగం ఎగిరిపోతుంది. ఫ్యాను ఆపితే మనం ఉండలేము, తలుపులు మూస్తే ఆ ఘాటుకు తల దిమ్మెక్కుతుంది. కిటికీ తెరిచి ఉంచి, ఫ్యాను గాలి నేరుగా తగలని మూలకు బల్ల జరుపుకుని, ఉదయంపూట పనిచేయడమే దీనికి దారి. ఇది చాలా త్వరగా నిప్పంటుకునే ద్రవం కాబట్టి దీపానికీ, అగరుబత్తికీ, వంటగదికీ దూరంగా ఉంచాలి. మూత వదులుగా వదిలేస్తే అసిటోనే ముందుగా ఆవిరైపోతుంది. అందుకే అడుగంటిన సీసాలోని ద్రవం కొత్త సీసాలోని దానికన్నా నిదానంగా ఎండుతుంది.

లోపాలంటూ చెప్పాలంటే, సీసాతో వచ్చే కుంచె 1/700 స్కేలు ఓడల భాగాలకు పెద్దదే. వాటికి మూడు సున్నాల (000) సైజు సన్నని చిత్రలేఖన కుంచెను విడిగా వాడుకోవాలి. పొడవైన ఓడ పొట్ట రెండు సగాలను కలిపేటప్పుడు, లోపలివైపు గట్టి పూత కావాలనుకుంటే, టామియాదే చిక్కటి మామూలు సిమెంటుగాని, సూది గొట్టంతో వచ్చే రెవెల్ సంస్థ జిగురు కాంటాక్టా గాని ఇంతకన్నా అనుకూలం. లేత ఆకుపచ్చ మూతతో క్విక్ సెట్టింగ్ అనే రకం కూడా ఉంది. అది ఇంకా వేగంగా ఎండుతుంది, కాబట్టి మన ఎండల్లో సర్దుకునే వ్యవధి కావాలనుకునేవారికి ముదురు ఆకుపచ్చ మూత సీసానే సిఫారసు చేస్తాను.

మండే ద్రవం కావడంతో విమానంలో పంపే పార్సిళ్లపై ఆంక్షలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఒక సీసా మూత దగ్గర కారి సగం ఖాళీ అయి చేరింది. అమ్మినవారు డబ్బు తిరిగి ఇచ్చారు గాని దానితోపాటే పెట్టెలో ఉన్న కిట్ కాక్‌పిట్ కప్పు మాత్రం పాడైంది. కాబట్టి దగ్గరలో హాబీ దుకాణం ఉంటే నేరుగా వెళ్లి కొనండి. లేకపోతే సిమెంటునూ కిట్‌నూ వేరువేరు పార్సిళ్లలో పంపమని ఆర్డరులోనే రాయండి.