ఆటలో కాయిన్లకు ఏది మేలు: యూపీఐయా, ఈ-రూపాయా?

మావాడు ఏడో తరగతి. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు సాయంత్రమైతే అందరికీ ఒకటే ఆన్‌లైన్ ఆట. "నాన్నా, ఆటలో నా బొమ్మకి టోపీ కొనుక్కుంటా, రెండొందలే" అంటాడు. నెలాఖరుకి చూస్తే ఆ రెండొందలు ఐదుసార్లు కట్ అయ్యాయి. నా యూపీఐ పిన్ వాడికి నోటికొచ్చని అప్పుడు తెలిసింది.

యూపీఐ సులువే, కాదనను. కానీ ఆ దారి తిన్నగా నా జీతం పడే ఖాతాలోకే వెళ్తుంది.

అందుకే ఈ-రూపాయి మీద పడ్డాను. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబర్ 1న మామూలు జనం వాడకానికి దీన్ని ప్రయోగంగా మొదలుపెట్టిన నాలుగు నగరాల్లో బెంగళూరూ ఉంది. యూపీఐతో కదిలేది బ్యాంకులో ఉన్న డబ్బు. ఈ-రూపాయి వాలెట్‌లో ఉండేది సాక్షాత్తూ రిజర్వు బ్యాంకు నోటే, కాగితం లేదంతే. నోటు మీద వడ్డీ రానట్టే దీనిమీదా రాదు. ఐదొందలు వేస్తే ఐదొందలే, అయిపోతే జేబు ఖాళీ. పిల్లల పాకెట్ మనీకి నాకైతే ఇదే నచ్చింది.

చిక్కల్లా ఒకటే. వీధి చివర టిఫిన్ సెంటర్లో యూపీఐ క్యూఆర్‌ని ఈ వాలెట్‌తోనే స్కాన్ చేసి ఇడ్లీ తిన్నాను. ఆట లోపల టోపీ కొనబోతే మాత్రం, డబ్బు కట్టే చోట నా ఫోన్లో ఈ-రూపాయి ఊసే లేదు.

క్రిప్టో సంగతి మూడు ముక్కల్లో చెప్తాను. డీసెంట్రాలాండ్ అనే ఆన్‌లైన్ లోకంలో స్థలం కొనేది మానా అనే క్రిప్టో టోకెన్‌తో. మన దగ్గర అలాంటి వాటి లాభం మీద 30 శాతం పన్ను, నష్టమొస్తే వేరే లాభంలో తగ్గించుకునే వీల్లేదు. ఈ-రూపాయి చట్టప్రకారం కరెన్సీ కాబట్టి ఆ గొడవ దానికి లేదు. అయినా పిల్లాడి టోపీకి ఇంత టెన్షన్ దేనికి?

ఇంకో మాట. ఏ దారిన కట్టినా, రోబ్లాక్స్‌లో రోబక్స్‌గానో, ఫోర్ట్‌నైట్‌లో వీ-బక్స్‌గానో మారాక అది ఆ కంపెనీ కాయినే. రిజర్వు బ్యాంకు పూచీ ఆట గడప ఇవతలే ఆగిపోతుంది. కనక ఈ-రూపాయి పనికొచ్చేది గడప దాటేముందే. ఫలానా పనికే ఖర్చయ్యేలా డబ్బుకి షరతు పెట్టే ఏర్పాటు గురించి రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. 'నెలకి మూడొందలు, ఈ ఆటకే' అని కట్టేసి ఇవ్వగలిగితే యూపీఐని ఆరోజే పక్కన పెడతాను.

అందాకా మా ఇంట్లో రీడీమ్ కోడే, అంటే ముందే డబ్బు కట్టి కొనే గిఫ్ట్ కోడే, గెలిచింది. ఒకటో తారీఖున మూడొందల కోడ్ ఇస్తాను, పిన్ మార్చాను. ఈ నెల కోడ్ మూడో తారీఖుకే ఖాళీ. వాడిప్పుడు వాళ్ళమ్మ ఫోన్ చుట్టూ తిరుగుతున్నాడు.