వీణ, గొంతు, పాల్‌స్ట్రెచ్: నాలుగేళ్లు వాడాక

ఒక్క వీణ, లేదా ఒక్క గిటారు, లేదా తంబూరా పక్కన ఒక్క గొంతు. మృదంగం, కీబోర్డు లాంటివేవీ లేని ఇలాంటి ఒంటరి రికార్డింగులను యాంబియంట్ సంగీతంగా, అంటే తాళం లేకుండా వాతావరణంలా పరుచుకునే నెమ్మది సంగీతంగా, మలచడానికి మేం నాలుగేళ్లుగా వాడుతున్నది పాల్‌స్ట్రెచ్. స్థాయి మారకుండా ధ్వనిని ఎన్నో రెట్లు పొడవుగా సాగదీయడానికి పాల్ నాస్కా అనే ప్రోగ్రామర్ తయారుచేసిన పద్ధతి ఇది. డబ్బు కట్టక్కర్లేదు. ధ్వనిని ఎడిట్ చేసే ఆడాసిటీ ప్రోగ్రాములో ఎఫెక్ట్స్‌లోనే ఉంటుంది, పాల్‌ఎక్స్‌స్ట్రెచ్ పేరుతో వేరే మ్యూజిక్ ప్రోగ్రాముల్లో తగిలించుకునే ప్లగిన్‌గానూ దొరుకుతుంది. ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: పనిముట్టు గొప్పదే, కానీ దానికి మనం ఏ ముక్క ఇస్తామన్నదే అసలు సంగతి. పనిలో ముప్పావు వంతు ఆ ముక్కను ఎంచడంలోనూ శుభ్రం చేయడంలోనూ పోవాలి.

ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఇది ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుంటుంది. ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో అది మాత్రం ఉంచుకుంటుంది. ఫేజ్‌ను, అంటే ఆ తరంగాలు ఎక్కడ మొదలవుతాయన్న లెక్కను, కావాలనే చిందరవందర చేసి, ముక్కలను ఒకదాని మీద ఒకటి సగం సగం పరుస్తూ పోతుంది. అందుకే పది రెట్లు సాగదీసినా మామూలు స్ట్రెచ్‌లో వినబడే తొట్రుపాటు ఉండదు. అదే కారణంగా మీటు కూడా బతకదు. తీగ మీటిన క్షణంలో పుట్టే టిక్కు అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఉంటుంది. ఆడాసిటీలో టైమ్ రిజల్యూషన్ (ఒక్కో ముక్క పొడవు) 0.25 సెకను, స్ట్రెచ్ (ఎన్ని రెట్లు సాగదీయాలో) 8 అనుకుందాం. ఆ ఒక్క టిక్కు 0.25 × 8, అంటే రెండు సెకన్ల ఉస్సుమనే గాలిగా మారుతుంది. పాటలో ఇరవై మీటులుంటే ఇరవై ఈదురుగాలులు. రివర్బ్ (గది ప్రతిధ్వని) వేసో, ఈక్యూ (ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించే పనిముట్టు) తిప్పో దీన్ని పోగొట్టలేం. సాగదీయక ముందే ప్రతి మీటు దగ్గరా మొదటి 60–80 మిల్లీసెకన్లు కోసి, మిగిలిన నాదానికి 30 మిల్లీసెకన్ల ఫేడ్ ఇన్ (సున్నా నుంచి మెల్లగా పెరగడం) ఇవ్వాలి. విసుగు పనే, కానీ తీగ తోక ఒక్కటే మిగిలినప్పుడు వచ్చే నాదం వింటే ఆ విసుగు గుర్తుండదు. గొంతులో స, శ, చ అక్షరాలకూ ఇదే వైద్యం. ఆకారాలు, ఊకారాలు అద్భుతంగా సాగుతాయి.

గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, విషయంలో మాత్రం వీణకు ఒప్పుకోవాల్సిన నష్టముంది. అర సెకనులో ఊగి కుదురుకునే గాంధారం 8 రెట్లలో నాలుగు సెకన్ల జారుడు అవుతుంది. చెవి దాన్ని గమకంగా పోల్చుకోదు, అపశ్రుతిగానే వింటుంది. తోడి, సావేరి లాంటి రాగాల్లో ఆలాపన ఎంత బాగున్నా ఈ పనికి ఇవ్వకండి. మోహనం, హంసధ్వనిలో సాదాగా నిలిపిన షడ్జం, పంచమం, అంతర గాంధారం ఉన్న 20–40 సెకన్లు వెతకండి. గమకం తప్పనిసరైతే స్ట్రెచ్ 3 దాటకూడదు.

టైమ్ రిజల్యూషన్‌ను చాలామంది ముట్టుకోరు. ముట్టుకోవాలి. గిటారు లావు తీగ సుమారు 82 హెర్ట్జ్, పక్క మెట్టు 87. తేడా అయిదే. 0.25 సెకను ముక్క ఈ రెంటినీ సరిగ్గా విడదీయలేదు, కింది స్వరాలు బురదగా కలిసిపోతాయి. 0.6 నుంచి 1 సెకను దాకా పెంచితే తేటపడతాయి. దానికి మూల్యం పై లెక్కే: ముక్క పెద్దదైనకొద్దీ టిక్కు మిగిల్చే గాలీ అంత పొడవవుతుంది. మా పద్ధతి ఇదీ: రికార్డింగును 250 హెర్ట్జ్ దగ్గర రెండుగా విడగొట్టి, కింది భాగానికి 0.8, పై భాగానికి 0.2 ఇచ్చి, రెంటికీ ఒకే స్ట్రెచ్ పెట్టి మళ్లీ కలుపుతాం.

శుభ్రత గురించి. సీలింగ్ ఫ్యాను ఆపి రికార్డు చేయండి, ఇది సలహా కాదు, షరతు. ఫ్యాను హోరు సాగితే తుపాను. కరెంటు 50 హెర్ట్జ్ గుంయ్‌మనే మోత ఇంకా మొండిది. అది ఎంత సాగినా చెదరదు, శ్రుతిలా నిలబడిపోతుంది. హార్మోనియం మూడో తెల్ల మెట్టు షడ్జంగా ఉన్న మోహనంలో ఈ మోత సాధారణ గాంధారానికి దగ్గరగా వచ్చి కూర్చుంటుంది, రాగంలోని అంతర గాంధారంతో ఎడతెగకుండా తగవు పెట్టుకుంటుంది. 50, 100, 150 దగ్గర సన్నని నాచ్ ఫిల్టర్లు (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసేవి) పెట్టాలి. నాయిస్ రిడక్షన్ 6–9 డెసిబెల్స్ చాలు. ఎక్కువ లాగితే మిగిలే నీటిబుడగల చప్పుడు సాగాక లోహపు కిచకిచ అవుతుంది.

మోనో రికార్డింగును రెండు ఛానళ్లుగా కాపీ చేసి సాగదీయండి. ఒక్కో ఛానల్‌కు ఫేజ్ విడివిడిగా చెదురుతుంది కాబట్టి ఏ ప్లగిన్ లేకుండానే విశాలమైన స్టీరియో వస్తుంది. ఫోను స్పీకరులో మోనోగా కలిసినప్పుడు సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది, అంతే. రెండు మైకులతో శ్రద్ధగా తీసిన అసలు స్టీరియోకు మాత్రం ఇది చెరుపే. మైకుల మధ్య కాలభేదం వల్ల తెలిసే చోటు, దూరం చెరిగిపోతాయి.

డిస్కు చూసుకోండి. 40 సెకన్లు 20 రెట్లయితే 13 నిమిషాల 20 సెకన్లు. 32 బిట్ ఫ్లోట్ స్టీరియో, 44.1 కిలోహెర్ట్జ్‌లో అది దాదాపు 280 మెగాబైట్లు. పీకులు (ధ్వని అన్నిటికంటే బలంగా ఉండే చోట్లు) కూడా కొత్త చోట్ల లేస్తాయి, కాబట్టి ఎగుమతికి ముందు నార్మలైజ్ చేయాలి, అంటే ఆ పీకులు హద్దు దాటకుండా మొత్తం ధ్వనిని సరిచేయాలి. ఆడాసిటీలో పూర్తిగా ప్రాసెస్ అయ్యాకే అసలు ఫలితం వినగలం. తిప్పుతూ వినాలంటే పాల్‌ఎక్స్‌స్ట్రెచ్ మేలు. అందులో ఒక క్షణాన్ని ఫ్రీజ్ చేసి నిలపవచ్చు, పై, కింది స్థాయిల (ఆక్టేవుల) నాదాన్ని కలపవచ్చు.

ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు మూడు మించనివ్వం. అసలు స్థాయిలో 8 రెట్లది ఒకటి. వేగం సగానికి తగ్గించి, అంటే ఒక స్థాయి కిందికి దించి, ఆ తర్వాత 4 రెట్లు సాగదీసింది ఒకటి. మూడోది ముట్టుకోని అసలు రికార్డింగు, 18 డెసిబెల్స్ కిందన, అక్కడక్కడా. మొదటి రెంటినీ 47, 61 సెకన్ల లూపులుగా తిప్పితే 2,867 సెకన్ల దాకా, అంటే దాదాపు 48 నిమిషాలు, అవి మళ్లీ అదే చోట కలవవు. 1970ల్లో యాంబియంట్ సంగీతానికి పేరుపడ్డ బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో పొడవు కలవని టేపు లూపులతో సాధించినది ఇదే. రివర్బ్ దాదాపు అక్కర్లేదు. సాగిన ధ్వనే సగం రివర్బ్, దానిమీద ఇంకోటి పోస్తే 200–400 హెర్ట్జ్ మధ్య అంతా ముద్ద.

పెద్ద లోపం ఒకటుంది, అది ఈ పద్ధతిలోనే ఉంది. ఏది పెట్టినా వందమంది దూరంగా నిలబడి పాడుతున్నట్టే వస్తుంది. వీణో గిటారో పోల్చుకోలేని స్థితికి 10 రెట్లలోనే చేరతాం. అందుకే స్ట్రెచ్ 2.5, రిజల్యూషన్ 0.08 దగ్గర ఆగిన రోజులే ఎక్కువ. అక్కడ కాస్త గరుకు వినబడుతుంది, కానీ ఆ గరుకులో వేలు మెట్టు మీద జరిగిన చప్పుడు ఇంకా తెలుస్తుంది. వీణ వీణలాగే ఉంటుంది.