అమృత్‌సర్ వెళ్తున్నారా? ఫుల్కారీ కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

స్వర్ణ దేవాలయం బయట ఆటోవాళ్లు "ఊరంతా తిప్పుతాం" అని ఎలా వెంటపడతారో వెళ్లొచ్చినవాళ్లందరికీ తెలుసు. వాళ్లు తీసుకెళ్లే ఫుల్కారీ (పంజాబు వాళ్ల పువ్వుల ఎంబ్రాయిడరీ) షాపుల గురించే ఈ పోస్టు. నిన్న మాకు 6,800 రూపాయలు పోయాయి.

జలియన్‌వాలా బాగ్ దగ్గర ఆటో ఎక్కాం. దుర్గియానా మందిర్ చూపించి, "గవర్నమెంటు షాపు, ఫిక్స్‌డ్ రేటు" అంటూ ఒక సందులో దింపాడు. టీ ఇచ్చారు. మా అత్తయ్యను "మాతాజీ" అంటూ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పల్లెటూరి ఆడవాళ్లు నెలల తరబడి చేత్తో కుట్టిన దుపట్టా అన్నారు. విప్పి చూస్తామంటే మడత పోతుందని కవర్లోనే చూపించారు. ఆడపడుచు కూతురి పెళ్లికి పెడదామని అత్తయ్య తన పెన్షన్ డబ్బుతో కొన్నారు.

అత్తయ్య ఏళ్ల తరబడి మగ్గం వర్క్ చేసిన మనిషి. రూముకొచ్చి విప్పగానే ఆవిడ ముఖం మారిపోయింది. అసలైన ఫుల్కారీని ఖద్దరు గుడ్డ మీద దారాలు లెక్కపెట్టుకుంటూ వెనకవైపు నుంచి కుడతారు. మెరిసే పట్టు దారం పైకి పొడుగ్గా పరుచుకుని కనిపిస్తుంది, వెనక చిన్న చిన్న చుక్కల్లాగే ఉంటుంది. మేం కొన్నదాని వెనకంతా తెల్లటి బాబిన్ దారం, అంటే కుట్టు మెషిన్ కిందనుంచి వచ్చే దారం. పువ్వుల కింద మెషిన్ కుట్టుకు వేసే పల్చటి కాగితం ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. గోటితో గీకితే ఊడి వచ్చాయి.

సాయంత్రమే తిరిగి షాపుకి వెళ్లాం. షాపువాడు బిల్లు చూపించమన్నాడు. దాని మీద గిలికినట్టు "ఫ్యాన్సీ దుపట్టా" అని ఉంది. "చేత్తో కుట్టిందని ఎక్కడ రాశాను?" అన్నాడు. అత్తయ్య ఏమీ అరవలేదు. దుపట్టాను కౌంటర్ మీద తిరగేసి ఆ తెల్ల దారం వేలితో చూపిస్తున్నారు, అంతే. ఆవిడ చేతిలోంచి లాగి నేల మీద పడేశాడు. పొద్దున మాతాజీ అన్న నోటితోనే "ముసలిదానా, సౌత్ నుంచి వచ్చి మాకు ఫుల్కారీ నేర్పుతావా, నడు" అన్నాడు. షాపులో ఇద్దరు కుర్రాళ్లు నవ్వారు. మేం తిరిగి బయటికొచ్చేదాకా అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి అన్నం కూడా ముట్టలేదు. డబ్బు పోతే పోయింది, అరవై ఏడేళ్ల మనిషిని అంత మాట అనడానికి వాడికి నోరెలా వచ్చింది?

అదే ఊళ్లో, ఆ సందుకి కాస్త దూరంలోనే, స్వర్ణ దేవాలయం దగ్గర మా చెప్పులు సేవకులు రెండు చేతులతో అందుకున్నారు. లంగర్‌లో (గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనశాల) ఎవరు ఏమిటని అడక్కుండా రోటీ, పప్పు, ఖీర్ వడ్డించారు. అత్తయ్య లేవలేకపోతుంటే ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని లేపారు. అలాంటి ఊరి పేరు చెప్పుకుని ఈ వ్యాపారం చేస్తున్నారు, ఆ కోపం నాకు తగ్గట్లేదు.

వెళ్లేవాళ్లు ఆటోవాడు చూపించిన షాపులో మాత్రం కొనకండి. కట్రా జైమల్ సింగ్ బజారుకి మీరే నడిచి వెళ్లి, నాలుగు షాపులు తిరగండి. దుపట్టా పూర్తిగా విప్పి వెనక చూడండి, బిల్లు మీద "చేతి కుట్టు" అని రాయించుకోండి. విప్పనివ్వకపోతే లేచి వచ్చేయండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఇలాంటి షాపులో మోసపోయినవాళ్లు బిల్లు దాచి ఉంటే మీరూ చేయండి.