డిజిటల్ యాంటెన్నా కొంటే 200 చానళ్లు ఫ్రీ అంటారు, నమ్మకండి

"కేబుల్ వద్దు, డిష్ వద్దు, నెలనెలా బిల్లు లేదు, 200 చానళ్లు లైఫ్‌లాంగ్ ఫ్రీ." ఈ మాట చెప్పి హైదరాబాద్‌లో ఇండోర్ డిజిటల్ యాంటెన్నాలు అంటగడుతున్నారు. కొనాలనుకుంటున్నవాళ్లు కాసేపు ఆగండి. ఆ యాంటెన్నాతో మన దగ్గర ఒక్క ప్రైవేటు చానల్ కూడా రాదు. వస్తువు పాడైపోయి కాదు, అసలు వచ్చే దారే లేదు.

మా బాబాయి ఉప్పల్‌లో ఉంటారు. కోఠి వైపు ఒక షాపులో 1,400 రూపాయలకు ఒకటి కొన్నారు. షాపు కుర్రాడు "అంకుల్, మీకు రామంతాపూర్ టీవీ టవర్ పక్కనే కదా, సిగ్నల్ దంచేస్తది" అన్నాడట. షాపులో టీవీ మీద తెలుగు సీరియల్ మెరిసిపోతూ కనిపించింది కూడా. ఆ టీవీ వెనక నుంచి ఒక వైరు కౌంటర్ కిందికి పోతోంది. అక్కడ సెట్‌టాప్ బాక్స్ ఉంటుందని పాపం ఆయనెందుకు అనుకుంటారు? ఇంటికి రాగానే కేబుల్ అబ్బాయిని పిలిచి బాక్స్ వాపసిచ్చేశారు.

ఆదివారం నేను వెళ్లి చూశాను. రెక్సిన్ ముక్కలాంటి పల్చటి నల్ల షీటు, దానికో సన్న వైరు, మధ్యలో యూఎస్‌బీతో నడిచే చిన్న డబ్బా, అందులో పచ్చ లైటు. ఆ లైటు వెలుగుతోంది కాబట్టి పనిచేస్తోందనే బాబాయి నమ్మకం. అట్టపెట్టె మీద "4కె, 150 మైళ్లు" అని ఉంది. మన దేశం కోసం తయారైన సరుకైతే మైళ్లెందుకు రాస్తారు? కిటికీకి అంటించి, గోడకు అంటించి, చివరికి పిట్టగోడ మీద పెట్టి స్కాన్ చేశాం. ప్రతిసారీ సున్నా చానళ్లే.

అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12న అనలాగ్ ఆపేసి డిజిటల్‌కు మారాయి. అక్కడ ప్రైవేటు చానళ్లు కూడా నేల మీది టవర్ల నుంచి ఉచితంగా ప్రసారమవుతాయి కాబట్టి ఇలాంటి యాంటెన్నా పనికొస్తుంది. మన దేశంలో టవర్ నుంచి టీవీ ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే. ప్రైవేటు చానళ్లన్నీ ఉపగ్రహం నుంచి కేబుల్‌కో డీటీహెచ్‌కో వస్తాయి. మిద్దె మీద అల్యూమినియం యాంటెన్నా తిప్పుకున్న రోజుల్లోనూ మనకొచ్చింది దూరదర్శనే కదా.

పోనీ దూరదర్శన్ అయినా వస్తుందా? పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి 31 కల్లా మూసేస్తామని, కీలక ప్రాంతాల్లో ఓ 50 మాత్రం ఉంచుతామని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి ముందే ప్రకటించింది. డిజిటల్ ప్రసారాలు 2016లో 16 నగరాల్లో మొదలైనప్పుడు ఆ జాబితాలో చెన్నై, బెంగళూరు ఉన్నాయి, హైదరాబాద్ లేదు. ఆ 16 ఊళ్లలోనైనా వచ్చేవి దూరదర్శన్ చానళ్లే. 200 చానళ్లనేది ఎక్కడి లెక్కో ఆ కుర్రాడికే తెలియాలి.

ఇంకో సంగతి. డిజిటల్ యాంటెన్నా అని ప్రత్యేకంగా ఏమీ ఉండదు. యాంటెన్నా ఉత్త లోహం, దానికి అనలాగూ డిజిటలూ తెలియదు. డిజిటల్ సిగ్నల్‌ను విప్పి బొమ్మగా మార్చేది టీవీలోని ట్యూనర్. మన దగ్గర టవర్ ప్రసారాలకైతే డీవీబీ-టీ2 అనే రకం ట్యూనర్ ఉండాలి. పైగా అనలాగ్‌లో సిగ్నల్ తక్కువైతే బొమ్మ మీద చుక్కలు పడేవి, అటూ ఇటూ తిప్పితే కుదిరేది. డిజిటల్‌లో ఆ మధ్య రకం దాదాపు ఉండదు. వస్తే శుభ్రంగా వస్తుంది, కొంచెం తగ్గితే ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. "కాస్త తిప్పి చూడండి, వస్తుంది" అని షాపువాళ్లు ఫోన్‌లో చెప్పేది కాలక్షేపం కబురు.

పెద్దవాళ్లు ఈ బుట్టలో ఎందుకు పడుతున్నారంటే, 2013లో కేబుల్ డిజిటల్ చేసినప్పుడు హైదరాబాద్ రెండో దశలో ఉంది. బాక్స్ పెట్టకపోతే టీవీ రాదని అప్పట్లో ఒకటే హడావిడి. "అంతా డిజిటల్ అయిపోయింది అంకుల్" అనగానే ఆ టెన్షనే గుర్తొస్తుంది. అది కేబుల్ సంగతి, యాంటెన్నాకు దానితో సంబంధం లేదు.

నెల బిల్లు లేకుండా చూడాలంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది, అంటే ఉపగ్రహం నుంచి డిష్‌కు వచ్చే దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్. అందులోనూ కొన్ని చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి డిష్ ఆగ్నేయం వైపు తిరగాలి, అటు ఆకాశం ఖాళీగా కనపడాలి. మీ ఫ్లాట్ బాల్కనీ ఒక్కటే ఉండి అది వాయవ్యానికి ఉంటే, టెర్రస్ మీద అసోసియేషన్‌ వాళ్లు చోటిస్తారో లేదో ముందే అడగండి. వీడియోను కుదించి పంపే పాత పద్ధతి ఎంపెగ్-2. ఆ బాక్స్ తక్కువకు ఇస్తామంటే తీసుకోవద్దు, కొత్త పద్ధతి ఎంపెగ్-4లో వచ్చే చానళ్లు అందులో రావు. డీడీ యాదగిరి, సప్తగిరి వస్తాయి గానీ ప్రైవేటు చానళ్ల స్లాట్లు వేలంలో పోతాయి కాబట్టి జాబితా మారుతుంటుంది, హిందీదే జోరు. సీరియళ్ల కోసమే అయితే మా పిన్నిలాంటివాళ్లకు కేబులే నయం. ఏడాదికింత రీచార్జ్ అని ఎవరైనా అడిగితే మాత్రం మోసమే, ఫ్రీ డిష్‌కు రీచార్జ్ ఉండదు.

మీ టీవీ వెనక మరలున్న సాకెట్ ఉంటే, మాన్యువల్‌లో డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ ప్రసారాలు అందుకునే ట్యూనర్) అని రాసి ఉందేమో చూడండి. ఉంటే డిష్ వైరు నేరుగా దానికే బిగించుకోవచ్చు, బాక్స్ ఖర్చు కూడా తప్పుతుంది.

వాపసు అడిగితే షాపువాడు "ఓపెన్ చేసిన సామాను తీసుకోం" అన్నాడు. బిల్లు మీద "టీవీ యాక్సెసరీ" అని మాత్రమే రాసి ఉంది, 200 చానళ్ల ఊసే లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. అట్టపెట్టె మీది రాతల ఫొటోలు, బిల్లు మా దగ్గరున్నాయి. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ పెట్టె పారేయకండి, ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లయితే ఆ ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.