ఫ్యాన్ అక్కర్లేని ఊళ్లో నిద్ర: మూడేళ్లు వాడాక వైట్ నాయిస్ మెషీన్ గురించి

మాది నంద్యాల. అక్కడ పడుకోవడమంటే ఫ్యాన్ అయిదులో పెట్టుకుని పడుకోవడమే. చలికాలంలో కూడా దుప్పటి కప్పుకుని మరీ ఫ్యాన్ వేసుకుంటాం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లిలో కాపురం పెట్టాం. ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంటుంది, ఏడాదిలో చాలా రాత్రులు ఫ్యాన్‌తో పనే లేదు. ఇంత చల్లగా ఉంటే నిద్ర బాగా పడుతుందని ఎవరైనా అనుకుంటారు. నాకు మాత్రం మొదటి ఏడాదంతా తెల్లవారుజాము మూడింటికి మెలకువ వచ్చేది.

ఫ్యాన్ ఆగిపోయిన గదిలో ప్రతి చప్పుడూ వినబడుతుంది. సందు చివర కుక్కలు, నీళ్ల ట్యాంకర్ వెనక్కి తీస్తున్నప్పుడు వచ్చే బీప్, పక్క పీజీ ముందు రెండింటికి ఆగే బైకు, పై ఫ్లాట్‌లో కుర్చీ జరిపిన శబ్దం. మా ఆయనది ఇంకో బాధ. అమెరికా షిఫ్టు చేసి నాలుగింటికి వచ్చి పడుకుంటారు. ఆయన నిద్ర మొదలయ్యేసరికి ఊరు లేస్తుంది. కుక్కర్ విజిళ్లు, 'సొప్పు, సొప్పు' అని అరుస్తూ వచ్చే ఆకుకూరల బండి, హెచ్‌ఏఎల్ విమానాశ్రయం దగ్గరే కాబట్టి కొన్ని రోజులు యుద్ధ విమానాల మోత కూడా.

సంక్రాంతికి నంద్యాల వెళ్లి పది రోజులున్నాను. మా ఇల్లు బస్టాండుకు దగ్గర, రాత్రంతా హారన్లు. అయినా ఒక్కసారి కూడా లేవలేదు. అప్పుడు అర్థమైంది, బెంగళూరులో నాకు లేనిది ఫ్యాన్ గాలి కాదు, ఫ్యాన్ చప్పుడు. తిరిగి వచ్చి జనవరి చలిలో ఫ్యాన్ వేసుకుని చూశాను. నిద్ర పట్టింది, కానీ పొద్దున లేచేసరికి ముక్కు దిబ్బడ, మెడ పట్టేయడం. గాలి లేకుండా చప్పుడు మాత్రమే ఇచ్చేది ఏదైనా ఉందా అని వెతికితే దొరికింది ఈ వైట్ నాయిస్ మెషీన్. 1962లో జిమ్ బక్‌వాల్టర్ అనే అమెరికన్ చేసిన యంత్రంలో కూడా ఉన్నది పెట్టెలో బిగించిన చిన్న ఫ్యానేనని తర్వాత తెలిసింది. అదే ఇప్పుడు డోమ్ అనే పేరుతో అమ్ముతున్నారు.

ఇది ఎలా పనిచేస్తుందో నేను ఫోన్‌లో చప్పుడును డెసిబెళ్లలో కొలిచే ఆప్ పెట్టుకుని చూసుకున్నాను. ఫోన్ లెక్క అంత కచ్చితం కాదు, తేడాలు పట్టుకోవడానికి చాలు. రాత్రి రెండింటికి మా గది 32 చూపించింది. కుక్క మొరిగితే 57. అంటే ఒక్కసారిగా 25 డెసిబెళ్లు ఎగిరింది. ప్రతి 10 డెసిబెళ్లకు చెవికి సుమారు రెట్టింపు చప్పుడుగా తోస్తుంది కాబట్టి అది మామూలు ఎగురుడు కాదు. మెషీన్ వేసి గదిని 45 దగ్గర నిలబెడితే అదే కుక్క 12 మాత్రమే పైకి లేస్తుంది. కుక్క అరుపు తగ్గలేదు, దాని కింద నేల పైకి వచ్చింది. నిద్రలో ఉన్న మెదడు పట్టించుకునేది ఆ ఎగురుడునే. మెషీన్ కొనేవాళ్లు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు, ఎంత గట్టిగా మోగుతుంది అన్నది చూడరు, ఎంత నిలకడగా మోగుతుంది అన్నది చూస్తారు.

నేను ఆ సంగతి తెలియక మొదట 1,400 రూపాయలు పోసి 24 రకాల శబ్దాలున్నది కొన్నాను. వాన, సముద్రం, అడవి, రైలు, అన్నీ ఉన్నాయి. మూడో రాత్రికి దొరికింది దాని గుట్టు. వాన శబ్దం కొద్ది సెకన్ల రికార్డింగ్, అదే మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ రెండు కొసలు కలిసే చోట చిన్న 'టిక్'. అడవి శబ్దంలో ఒక పిట్ట సరిగ్గా అదే చోట కూస్తుంది. ఒకసారి చెవిన పడితే ఇక దాని కోసమే ఎదురుచూస్తూ పడుకుంటాం. నిద్ర కోసం కొన్న వస్తువే నిద్ర చెడగొట్టింది. కాబట్టి కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, శబ్దం అప్పటికప్పుడు పుడుతుందా, రికార్డింగ్ తిరుగుతుందా అని. లోపల నిజమైన ఫ్యాన్ ఉన్నవాటికి, చిప్‌లోనే శబ్దాన్ని పుట్టించేవాటికి ఈ అతుకు ఉండదు. రకాల సంఖ్య చూసి మోసపోవద్దు. మూడేళ్లలో నేను వాడింది రెండే రెండు శబ్దాలు.

తర్వాత డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఫ్యాన్ రకం మెషీన్ తెచ్చి ఇచ్చాడు. ప్లగ్గు పెట్టబోతూ అడుగున చూశాను, 120 వోల్టులని ఉంది. మన దగ్గర 230. పెట్టుంటే మోటారు కాలిపోయేది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోవచ్చు, కానీ అది మన కరెంటు 50 హెర్ట్జ్‌ను (సెకనుకు కరెంటు ఊగే సార్లు) అమెరికాలోలా 60 చేయలేదు, అందుకని ఆ రకం మోటారు ఇక్కడ కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు 230 వోల్టుల మోడలో, యూఎస్‌బీతో నడిచేదో చూసి తెప్పించుకోండి. అన్న తెచ్చింది ఇప్పటికీ బీరువాలోనే ఉంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు వాడుతున్నది 3,200 రూపాయలది, యూఎస్‌బీతో నడుస్తుంది, చిప్‌లో శబ్దం పుట్టించే రకం. ఇందులో వైట్, పింక్, బ్రౌన్ అని మూడు ఉన్నాయి. వైట్‌లో సన్న స్వరం నుంచి లావు స్వరం దాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ సమానంగా ఉంటాయి, పాత టీవీలో చానల్ పోయినప్పటి 'స్స్‌స్' అనుకోండి. మన చెవికి అది గీరినట్టుంటుంది. పింక్‌లో ఒక్కో ఆక్టేవ్ (ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే మెట్టు) పైకి వెళ్లేకొద్దీ 3 డెసిబెళ్లు తగ్గుతుంది, నిలకడగా పడే వానలా వినిపిస్తుంది. బ్రౌన్‌లో 6 తగ్గుతుంది, దూరపు జలపాతంలా బరువుగా ఉంటుంది. ఆ బ్రౌన్ రంగు పేరు కాదు, బ్రౌనియన్ చలనాన్ని, అంటే నీళ్లలో సన్న రేణువుల అడ్డదిడ్డపు కదలికను గమనించిన వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ పేరు. నాకు పింక్ కుదిరింది. కుక్కలకు, మాటలకు, బీప్‌కు అది సరిపోతుంది. మా ఆయన పగటి నిద్రకు బ్రౌన్ పెట్టుకుంటారు, కింద రోడ్డు మోత అందులో కలిసిపోతుందని.

నాయన ఇక్కడికి వచ్చినప్పుడు మా గదిలోనే పడుకోబెట్టాం. లైటు తీశాక కాసేపటికి అడిగాడు, "ఏమ్మా, ఫ్యాన్ సప్పుడు వస్తాంది, గాలి రాలేదే?" పెట్టె చూపించాను. "ఇది బాగుందే" అని అటు తిరిగి పడుకున్నాడు. మామూలుగా కొత్తచోట రాత్రికి నాలుగుసార్లు లేచే మనిషి, ఆ రాత్రి ఒక్కసారే లేచాడు.

సౌండ్ విషయంలో మాత్రం జాగ్రత్త. మన శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి, నివాస ప్రాంతాలకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెళ్లు హద్దు. బయటి చప్పుడుకు పెట్టిన హద్దు అది. నా దిండు దగ్గర కూడా దాన్నే హద్దుగా పెట్టుకున్నాను. చంటిపిల్లలున్న ఇంట్లో ఇంకా భద్రంగా ఉండాలి. పీడియాట్రిక్స్ పత్రికలో 2014లో వచ్చిన పరిశోధనలో పసిపిల్లల కోసం అమ్మే 14 మెషీన్లను పూర్తి సౌండ్‌లో పెట్టి కొలిచారు. రెండు మీటర్ల దూరంలో కూడా ఒక్కటి తప్ప అన్నీ 50 డెసిబెళ్లు దాటాయి. మూడు మెషీన్లయితే 30 సెంటీమీటర్ల దగ్గర 85 దాటాయి, పెద్దవాళ్ల ఎనిమిది గంటల పనికి అమెరికా నిపుణులు పెట్టిన హద్దు అది. మా చెల్లెలు బిడ్డతో వచ్చినప్పుడు ఉయ్యాల పక్కనే పెట్టబోయింది. తీసి గది అవతలి మూల అలమరలో పెట్టి, సౌండు సగం చేశాను. బిడ్డ ఏడుపు తల్లికి వినబడాలి కదా, అదీ ముఖ్యమే.

వాడగా తెలిసినవి ఇంకొన్ని. టైమర్ గొప్ప సదుపాయమని రాస్తారు, నాకు అది పనికిరాలేదు. గంటకు ఆగిపోగానే గది ఖాళీ అయిపోయి మెలకువ వచ్చేది. రాత్రంతా నడవనివ్వడమే నయం. కరెంటు పోయి వచ్చాక తనంతట తానే పాత సౌండులో మొదలయ్యేది చూసుకోండి, నాది అలా కాదు, లేచి బటన్ నొక్కాలి. పవర్ బ్యాంకుకు పెడదామని చూస్తే, ఇది లాగే కరెంటు మరీ తక్కువ కావడంతో పవర్ బ్యాంకు తనే ఆగిపోయింది. చివరికి యూపీఎస్ ఉన్న ప్లగ్గుకు మార్చాం. నీలం లైటు ఒకటి కళ్లలో పొడుస్తుంటే నల్ల ఇన్సులేషన్ టేపు అంటించాను.

ఇది చేయలేనిది ఏమిటో కూడా చెప్పాలి. పోయినేడు ఎదురు స్థలంలో బోరు వేశారు. ఆ అదురు గోడల్లోంచి, మంచంలోంచి వస్తుంది, చెవికి ఏ శబ్దం పెట్టినా లాభం లేదు. పెళ్లి డీజేల బేస్ కూడా అంతే. ఆ రాత్రులు చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని, కిటికీ సందుల్లో రబ్బరు పట్టీ అంటించి గట్టెక్కాం. ఆ పట్టీకి అయిన ఖర్చు 300 కూడా లేదు, మెషీన్ కంటే ముందే చేయాల్సిన పని అది. నిద్ర పట్టకపోవడం టెన్షన్ వల్లో, ఒంట్లో బాగాలేకో అయితే డాక్టరుకు చూపించుకోవాలి. శబ్దంతో నిద్ర నిజంగా మెరుగవుతుందా అనేదానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయని స్లీప్ మెడిసిన్ రివ్యూస్ పత్రికలో 2021లో వచ్చిన సమీక్ష తేల్చింది. నా అనుభవం నాది, మీ ఇంట్లో పది రాత్రులు వాడి చూసి, వెనక్కి తీసుకునే షరతు ఉన్నచోటే కొనండి.

మొదట్లో సౌండు తొమ్మిదిలో పెట్టుకునేదాన్ని. ఆరు నెలలకు ఏడు చేశాను, ఇప్పుడు అయిదు. వచ్చే నెల అత్తయ్య మా దగ్గరికి వస్తున్నారు. ఆవిడ గదికి ఇంకొకటి కొనాలి. చీకట్లో తడిమితే చేతికి అందేలా తిప్పే బటన్ ఉన్నదే తీసుకుంటాను, టచ్ బటన్లున్నవి ఆవిడకు కుదరవు.